ఇద్దరు దశరథ్‌లు

పటేల్‌గూడ,
డిసెంబరు

మా ఆయనకు,

నా అక్షరాలు చూసి నవ్వకండి. ఏడో తరగతితో బడి మానేసిన దాన్ని. ఇన్నేళ్లలో సంతకం తప్ప మరొకటి రాయలేదు. ఒత్తులు, దీర్ఘాలు తప్పితే మీరే సరిచేసుకుని చదవండి. గీతల్లేని కాగితం ఇచ్చారు, అందుకని వరుసలు కిందికి జారిపోతున్నాయి. ఫోనులో అయితే మాట్లాడలేక ఏడ్చేసేదాన్ని. ఉత్తరంలో ఏడుపు వినపడదు, అదొక్కటే మేలు.

దీపావళికి ముందు మీ ఫోను ఆగిపోయింది. అప్పటి నుంచి మీరు ఉన్నారో లేరో తెలియదు. మొన్న నేను కిష్టారెడ్డిపేట అపార్టుమెంటులో గిన్నెల పని ముగించుకుని వస్తుంటే, మన సందు నల్లా దగ్గర ఒకామె నిలబడి ఉంది. పేరు భవాని మేడం. పరదేశం పోయి చిక్కుకున్నవాళ్ల కోసం సంగారెడ్డిలో ఒక సంస్థ నడుపుతున్నారట. "సరిహద్దు క్యాంపుల దశరథ్ అనే మనిషి ఉన్నడమ్మా. ఊరు పటేల్‌గూడ, ఇంటామె పేరు రవళి అని చెప్పిండట. ఎవలు రవళి?" అని అడిగింది. రవళిని నేనే అన్నాను.

"మరి దశరథ్ నీ పెనిమిటా?" అంది.

కాదు, దశరథ్ మా బావ, ఇంట్లోనే ఉన్నారు, క్యాంపులో ఉన్నది ఆయన తమ్ముడు అని చెప్పేసరికి ఆమె నన్ను పక్కకు తీసుకెళ్లి కూర్చోబెట్టింది. మన సంగతంతా చెప్పాను. మందుల కంపెనీలో కాంట్రాక్టరు శ్రీకాంత్ దగ్గర పాసులు తక్కువ, మనుషులు ఎక్కువ అని. బావకు నడుం పట్టేసినప్పటి నుంచి మీరు ఆయన గేటు పాసు మీదే డ్యూటీకి పోయారని, కంపెనీలో అందరూ మిమ్మల్ని దశరథ్ అనే పిలిచేవారని. మస్కట్ కోసమని తీయించిన బావ పాస్‌పోర్టు, మెడికల్‌లో ఫెయిలయ్యాక పెట్టెలోనే ఉండిపోయిందని. ఆ శ్రీకాంతే మన గడపలో నిలబడి, "మొఖం ఒక్కతీరుగనే ఉన్నది గదా. గేటు దాటినట్టే దాటుడు. పోలండ్‌ల ప్యాకింగ్ పని" అంటే, మనలో ఒక్కరికీ అది తప్పుగా తోచలేదని.

మేడం తిట్టలేదు. "పైసలు గుంజి మందిని అడవులల్ల దాటించెటోడు నేరం చేసినోడు. దాటినోడు మనిషి. ఆయనకు డాక్టరు కావాలె, లాయరు కావాలె, ఇంటికి ఉత్తరం రాసుకునే హక్కు ఉండాలె. అడిగి తీసుకుందం" అంది. క్యాంపులో ఫోన్లు ఉండనివ్వరు కాబట్టి ఉత్తరాలే దారి అని, కవరు అంటించి ఇస్తే తాము తెరవమని, అక్కడి లాయరమ్మ మీ చేతికే ఇస్తుందని చెప్పింది.

కవరు మీద మాత్రం బావ పేరే రాయాలట. లేకపోతే మీకు చేరదు. బావ ముందు తలెత్తి మాట్లాడి ఎరగను. ఆ పేరు రాసి, లోపల మీకు కబుర్లు రాస్తుంటే ఎలాగో ఉంది.

మీరున్నారని తెలిసి ఇంట్లో అందరూ సంతోషించారు. మూలమీది టిఫిన్ బండి నాగేశ్వరమ్మ రోజూ నన్ను ఆపుతోంది. "ఏవమ్మా రవళీ, మావాడు, మీ ఆయనా ఒక్క బండిలోనేగా వెళ్లారు? వాడి కబురేవన్నా రాశాడా?" అని. శివరామకృష్ణ మీతోనే ఉన్నాడా? రెండు మాటలు రాయండి, ఆమెకు చదివి వినిపిస్తాను.

మీ
రవళి

*

క్యాంపు, రెండో బ్లాకు
(ఊరి పేరు రాయొద్దని లాయరమ్మ చెప్పింది),
జనవరి

రవళీ,

నీ ఉత్తరాన్ని ఇక్కడి గార్డు తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత నాకిచ్చి ఏదో అన్నాడు. బాగుందనే అనుంటాడు. నీ అక్షరాలకేం, గుండ్రంగా బొబ్బర్లలా ఉన్నాయి. నేనే పదో తరగతి దాకా చదివి కోడి గీకినట్టు రాస్తాను.

నేను బాగానే ఉన్నాను. మంచం ఉంది, కంబళి ఉంది. మొదటి రోజు ఎర్రటి చారు పోస్తే కారం దొరికిందని సంబరపడ్డాను. తీరా నోట్లో పెడితే తియ్యటి దుంప. పక్క మంచం నేపాలీ అతను నా ముఖం చూసి ఇప్పటికీ నవ్వుతాడు. చలికి కాలు కొంచెం వాచింది, మందు రాస్తున్నారు. అమ్మకు చెప్పకు. శివను వేరే క్యాంపుకు తీసుకెళ్లారు. బాగానే ఉంటాడని నాగేశ్వరమ్మకు చెప్పు.

ఇప్పుడు అసలు సంగతి. శ్రీకాంత్ మనుషులు అడవిలోకి దించే ముందే పాస్‌పోర్టులు, ఫోన్లు తీసేసుకున్నారు. పట్టుబడితే పాస్‌పోర్టులో ఉన్న పేరే చెప్పాలన్నారు, నేను అన్న పేరే చెప్పాను. "దశరథ్, తండ్రి నర్సన్న, ఊరు పటేల్‌గూడ. ఈ మనిషి మీవాడేనా?" అని ఇక్కడి నుంచి మన దేశానికి రాశారు. అవునని జవాబు వస్తే కొత్త కాగితం ఇచ్చి ఇంటికి పంపిస్తారు. జవాబు రాకపోతే, ఏ దేశమూ నా మనిషి అనకపోతే, ఇక్కడే ఉంచుతారు. ఎంతకాలమో ఎవరూ చెప్పరు. రెండు చలికాలాలు చూసినవాళ్లు కూడా ఈ బ్లాకులో ఉన్నారు.

ఎవరైనా పోలీసు ఎంక్వైరీకి వస్తే అమ్మ ఒక్క మాట అంటే చాలు: "నా కొడుకే, దేశం పోయిండు" అని. ఆ పూటకు ఇంట్లో ఉండొద్దని అన్నకు చెప్పు. గేటు దగ్గర పేరు పిలిస్తే ఎవరో ఒకరు చెయ్యెత్తినట్టే. అంతే పని.

నీ
పాండు

*

పటేల్‌గూడ,
ఫిబ్రవరి

మా ఆయనకు,

మీ ఉత్తరం ఆలస్యంగా వచ్చింది. అది చేరేలోపే పోలీసు వచ్చి పోయాడు.

నేను పనిలో ఉన్నాను. అత్తమ్మ ఏడుస్తూ చెబితే తెలిసింది. బావ వాకిట్లో బండి తుడుచుకుంటున్నారట. కానిస్టేబులు బైకు ఆపి, "దశరథ్, తండ్రి నర్సన్న, ఎవలు?" అని పిలిచాడట. పిలవగానే బావ గుడ్డ పక్కన పెట్టి, "నేనే సార్" అన్నారట.

అంతే. ఎన్నేళ్ల అలవాటో చూడండి. పేరు పిలిస్తే పలకడం ఒక్కటే ఆయనకు తోచింది.

కానిస్టేబులు నవ్వాడట. "నువ్వు ఈడుంటే, గా దేశంల జైల్ల కూసున్నోడెవడ్రా? నీ దయ్యమా?"

"నాకు తెల్వది సార్."

"ఆధారు తే." చూశాడు. ముఖం చూశాడు. "మరి ఇంట్ల నుంచి ఎవలన్న దేశం పోయిన్రా?"

బావ అత్తమ్మ వైపు చూశారట. అత్తమ్మ బావ వైపు చూసిందట. "ఎవ్వలు పోలే సారూ. మాకేం ఎర్క లేదు" అందట మీ అమ్మ.

దశరథ్ ఊళ్లోనే ఉన్నాడు, అక్కడున్నవాడు మావాడు కాదు అని రాసుకుని వెళ్లిపోయాడు.

మొదటి ఉత్తరంలో అందరూ సంతోషించారని రాశాను. సంతోషించింది నేను, అత్తమ్మ. బావ ఆ రోజే చెప్పులు తొడుక్కుని బయటికి వెళ్లిపోయారు, చీకటి పడ్డాక వచ్చారు. ఇప్పుడు ఇంట్లో మీ పేరు ఎత్తితే చాలు, ఆయన పళ్లెం పక్కకు నెట్టేస్తున్నారు. నేను తలుపు చాటునే నిలబడి, గోడతో చెప్పినట్టు చెప్పాను: ఉన్నది ఉన్నట్టు చెప్పేద్దాం బావా, భవాని మేడం తోడుంటానన్నది అని. ఆయన నాతో మాట్లాడలేదు. అత్తమ్మతో అన్నారు, "అమ్మా, ఆ పిల్లకు చెప్పు. పాస్‌పోర్టు ఇచ్చినోనికి జైలు, పట్టుకపోయినోనికి జైలు. ఇద్దరు కొడుకులు లోపలికి పోతే నీకు బువ్వ పెట్టెటోడెవడు? నా బిడ్డలను చూసెటోడెవడు?"

అత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఒక్కడన్న బయట ఉండనియ్ బిడ్డా" అంది. తల్లి అయ్యుండి ఆ మాట ఎలా అనగలిగిందో నాకు తెలియదు. తిట్టలేకపోయాను కూడా. ఆమె అన్నం మానేసి చాలా రోజులైంది.

భవాని మేడంను అడిగాను, కేసు పడుతుందా అని. అబద్ధం చెప్పలేదు ఆమె. "పడొచ్చు. చట్టంల ఉన్నది. కని దాటించినోని మీద పడాల్సిన బరువంత దాటినోని నెత్తి మీద పెట్టుడు న్యాయం కాదని కొట్లాడతం. నీ పెనిమిటిని, మీ బావను సాక్షులుగ చూడుమంటం. గెలుస్తమని మాత్రం రాసియ్యలేను" అంది.

శ్రీకాంత్ కూడా వచ్చాడు. చెరుకురసం గ్లాసు పట్టుకుని నల్లా దగ్గర నిలబడి, నవ్వుతూనే అన్నాడు. "ఏం చెల్లె, మస్తు తిరుగుతున్నవట సంగారెడ్డి? దశరథ్ ఇంట్లనే ఉన్నడు గదా. ఇగ పరేషాన్ ఏంది నీకు?"

మీ కాలు సంగతి నిజం రాయండి. వాచిందని రాసిన అక్షరాల దగ్గర పెన్ను ఆగి ఆగి కదిలింది, నాకు కనిపించింది. శివ సంగతి కూడా నిజం రాయండి. నాగేశ్వరమ్మ నా దగ్గర పెసరట్టు డబ్బులు తీసుకోవడం మానేసింది. కబురు తెచ్చే పిల్లనట నేను.

రవళి

*

క్యాంపు, రెండో బ్లాకు,
మార్చి

రవళీ,

నువ్వు అడిగావు కాబట్టి రాస్తున్నాను. కూర్చుని చదువు.

ఎడమ కాలి వేళ్లు మూడు తీసేశారు. నల్లబడిపోయాయి. మిగిలిన రెండింటి సంగతి చూస్తామంటున్నారు. పెద్ద ఆసుపత్రికి పంపాలంటే మనిషి ఎవరో తేలాలట. లాయరమ్మ వాళ్లతో గట్టిగా వాదించింది. మనిషి ఎవరైతేనేం, కాలు కాలే కదా అని. అప్పుడే ఆ మూడైనా సరిగ్గా కోసి కట్టు కట్టారు.

శివ లేడు.

అడవిలో బురదగుంట దాటుతుంటే వాడి బూటు లోపలే ఉండిపోయింది. చెయ్యి పెట్టి వెతికాం, దొరకలేదు. దారి చూపించేవాడు ఆగలేదు. నా బూటు ఒకటి వాడికిచ్చాను, కాసేపు వాడు, కాసేపు నేను తొడుక్కుని నడిచాం. మధ్యాహ్నం మంచు మొదలైంది. ఒక చోట చెట్టుకు ఆనుకుని కూర్చున్నాడు, ఇక లేవలేదు. లేవరా అని కొట్టాను కూడా. మా అమ్మ బండి మూసే టైమైంది, గిన్నెలు కడిగిపెట్టాలి అన్నాడు. ఆ తర్వాత మాట లేదు. సరిహద్దు కాపలావాళ్లు వచ్చేసరికి నేను వాడి పక్కనే పడి ఉన్నానట.

వాడు కూడా వాడి పేరు మీద రాలేదు. వాళ్ల పెదనాన్న కొడుకు సూర్యారావు పాస్‌పోర్టు మీద వచ్చాడు. నన్ను అడిగారు, ఈ చనిపోయిన మనిషి పేరేమిటి అని. నేను సూర్యారావు అన్నాను. వాడి పేరు విప్పితే నా పేరు కూడా విప్పాలి కదా. ఇక్కడికి దగ్గరలోనే పాతిపెట్టారు. చెక్క మీద సూర్యారావు అని రాశారట. చూడటానికి నన్ను పంపలేదు.

నాగేశ్వరమ్మకు చెప్పకు. ఆమెకు ఏమని చెబుతావు?

ఇక నువ్వు ఏమీ చెయ్యొద్దు. సంగారెడ్డికి పోవద్దు. ఎవరి ముందూ నోరు విప్పొద్దు. నాన్న పోయాక అన్న పనికి పోయి నన్ను బడికి పంపాడు. తన పేరు మీద నాకు పని ఇచ్చాడు. నడుం విరిగింది కూడా ఆ కంపెనీ రియాక్టర్ల దగ్గర డ్రమ్ములు మోసే. ఆయన పిల్లల నోటి దగ్గర కూడు తీసి నేను ఇంటికి రాలేను. ఎవరు అడిగినా నేను దశరథ్‌నే. వాళ్లకు విసుగు పుట్టేదాకా ఉంచుకోనీ. నువ్వు మీ అమ్మగారింటికి వెళ్లిపో. చిన్నదానివి.

జవాబు రాయకు.

పాండు

*

పటేల్‌గూడ, నాగేశ్వరమ్మ గారి గది,
ఏప్రిల్

మా ఆయనకు,

రాయొద్దన్నారు, రాస్తున్నాను. చెప్పొద్దన్నారు, చెప్పాను. కోపం తెచ్చుకోండి, కానీ చివరిదాకా చదవండి.

మీ ఉత్తరం చదివిన మర్నాడు పొద్దున్నే బండి దగ్గరికి పోయాను. ఆమె అట్టు వేసి ఇచ్చింది. నేను పట్టుకుని నిలబడ్డాను. "ఏవమ్మా, ముట్టుకోవేం? ఉప్పెక్కువైందా?" అంది. నా ముఖం చూసి ఆమే పొయ్యి ఆపేసింది. పెనం మీద మరొకరి అట్టు సగం కాలి ఉంది. శివ చలికి పోయాడని, మీరు పక్కనే ఉన్నారని, బూటు పంచుకున్నారని చెప్పాను. ఏడవలేదు. "ఏ పేరున పూడ్చారు?" అని అడిగింది. అదొక్కటే అడిగింది. సూర్యారావు అని చెప్పాను. అప్పుడు బండి పట్టుకుని కూలబడింది. "వాడు బతికున్నాడే. పటాన్‌చెరులో ఆటో తోలుకుంటున్నాడే. మరి నా పిల్లాడెక్కడున్నట్టు?"

సాయంత్రం ఆమె నా చెయ్యి పట్టుకుని భవాని మేడం దగ్గరికి బస్సెక్కించింది. నేను తీసుకెళ్లింది కాదు, ఆమే నన్ను తీసుకెళ్లింది.

శివ చనిపోవడం చూసినది మీరొక్కరే. కానీ మీరు దశరథ్ అయినంతకాలం మీ మాట చెల్లదట. దశరథ్ పటేల్‌గూడ దాటలేదని రాసి ఉంది కదా. ఊళ్లో ఉన్న మనిషి అడవిలో చావును ఎలా చూస్తాడు? మేడం ఆ మాట అన్నప్పుడు నాగేశ్వరమ్మ నా వైపు చూసింది. నన్ను బతిమాలలేదు. చూసింది, అంతే.

నేను సంగారెడ్డిలో ఒక ఆఫీసరు ముందు నిలబడ్డాను. బావను, అత్తమ్మను కూడా పిలిపించారు. నేను కొంగు కప్పుకుని మేడం వెనుక నిలబడ్డాను. ఆఫీసరు, "ఇగో, దొంగ పాస్‌పోర్టోని పెండ్లామా?" అన్నాడు. మేడం కుర్చీలోంచి లేచింది. "దొంగ అనకున్రి సార్. ఆ పిల్ల పెనిమిటి అడవిల కాలి వేళ్లు పోగొట్టుకున్నడు. మోసపోయినోని ఇంటామె. కూసోబెట్టి అడుగున్రి" అంది. ఆయన ఏమనుకున్నాడో, కుర్చీ చూపించాడు. నేను కూర్చోలేదు. బావ నిలబడే ఉన్నారు కదా.

"ఆ క్యాంపుల ఉన్నదెవరమ్మా?"

మీ పేరు నోట్లోనే గొణిగాను.

"గట్టిగ చెప్పు."

"పాండు" అన్నాను. మీ పేరు ఇంట్లో ఒక్కసారి కూడా పైకి అనలేదు నేను. "ఆయన పాండు. మా ఆయన. ఈయన తమ్ముడు."

అత్తమ్మ నేల మీద కూర్చుండిపోయింది. "నీకేం పాపం చేసిన్నే? నా ఇంటికి అగ్గి వెట్టినవ్ గదనే!" అని నెత్తి కొట్టుకుంది. బావ మాత్రం అరవలేదు. నా వైపు మొదటిసారి తిన్నగా చూశారు. "వాని కాలు నిజంగనే పోయిందా?" అని అడిగారు. మూడు వేళ్లు అన్నాను. తల దించుకున్నారు. ఆ తర్వాత ఆఫీసరు ఎన్ని అడిగినా ఒక్క మాట మాట్లాడలేదు. అవుననలేదు, కాదనలేదు.

బావ మీద కేసు రాశారు. సాక్షిగా రాయాలని మేడం గొడవ పెట్టుకుంది, ఇంకా తేలలేదు. శ్రీకాంత్ ఆఫీసుకు తాళం పడింది, మనిషి ఎక్కడున్నాడో తెలియదు. అత్తమ్మ నా బట్టల మూట వాకిట్లో పెట్టేసింది. నాగేశ్వరమ్మ గదిలో ఉంటున్నాను. ఇప్పుడు నాకు మీరు తప్ప ఏ ఇల్లూ లేదు.

ఇక అసలు మాట. నేను చెప్పింది ఒక్కటే చాలదట. త్వరలో అక్కడి లాయరమ్మ మిమ్మల్ని ఒక గదిలో కూర్చోబెడుతుంది. తెర మీద మన దేశపు అధికారి, తెలుగు వచ్చిన మనిషి కనిపిస్తారు. మీ పేరు అడుగుతారు. ఒక్కసారే అడుగుతారు. మీరు పాండు అంటే ఆసుపత్రి, కాగితం, ఇల్లు. దశరథ్ అంటే నేను ఎవరో పరాయి మగవాణ్ణి మొగుడని చెప్పిన అబద్ధాలకోరును. ఆఫీసరు అది నా ముఖం మీదే అన్నాడు, కేసు నా మీద పడుతుందని.

మీరు దశరథ్ అంటే బావ మీద కేసు కొట్టేస్తారు. ఇది రాయకుండా ఉండాలనుకున్నాను. రాశాను. దాచిపెట్టి మీతో నిజం చెప్పించలేను.

అన్నను కాపాడాలని మీకు ఉంటుంది. మీరు అలాంటివారు కాబట్టే నేను ఇంత దూరం వచ్చాను. కానీ ఆలోచించండి. మీరు అక్కడ పోతే మీ మీద కూడా దశరథ్ అని చెక్క పెడతారు. ఇక్కడ బావ బతికే ఉంటారు. బొట్టు తీయాలో ఉంచాలో నాకెవరు చెబుతారు? నాగేశ్వరమ్మ ఇవాళ్టికీ రెండు కంచాలు కడుగుతోంది. కొడుకు పోయాడని తెలుసు, చావు కాగితం మాత్రం ఆటో తోలే సూర్యారావు పేరు మీద ఉంది. మీరు నోరు విప్పితేనే శివ చనిపోయినవాడు అవుతాడు. అంతవరకు ఆమెకు ఏడవడానికి కూడా హక్కు లేదు.

నా కోసం వద్దు. నన్ను మీ అమ్మ తిట్టినట్టే తిట్టండి, పరవాలేదు. మీ పేరు మాత్రం చెప్పండి.

మేడం నాతో ఒట్టు వేయించుకుంది. "ఆయనకు ఏం చెప్పాల్నో రాయకు రవళీ. ఆయన మాట ఆయన నోట్ల నుంచే రావాలె. నువ్వు నేర్పినవని తెలిస్తే నీ మాట, ఆయన మాట రెండు చెల్లకుండ పోతయ్" అని. ఆ ఒట్టు తప్పి రాశాను. కవరు నేనే అంటించాను, ఎవరికీ చూపించలేదు. అందుకే చేతులెత్తి మొక్కుతున్నాను. ఇది చదవగానే ఎవరి దగ్గరైనా నిప్పు అడిగి కాల్చేయండి. దాచుకోకండి, నా రాత అని జాలిపడి పరుపు కింద పెట్టుకోకండి. మూల కూడా మిగలకుండా కాలిపోయేదాకా దగ్గరే నిలబడి చూడండి.

రవళి